గని మూతపడిన ఊరికి విపత్తు కూడా తగిలితే: డిజైన్ విద్యార్థుల బృందానికి సమగ్ర మార్గదర్శి

గని మూతపడిన రోజే ఆ ఊరికి మొదటి దెబ్బ తగిలింది. జీతాలు ఆగాయి, చదువుకున్న పిల్లలు వెళ్ళిపోయారు, బజారులో షట్టర్లు ఒక్కొక్కటే దిగాయి. వరదో సుడిగాలో భూకంపమో వచ్చింది ఆ తర్వాత ఎప్పుడో. బయటి నుంచి వెళ్ళిన మనకు మాత్రం రెండో దెబ్బే కనిపిస్తుంది, కెమెరాకి దొరికేదీ అదే. విద్యార్థుల ప్రాజెక్టులు చాలావరకు ఇక్కడే దారి తప్పుతాయి. కూలిన భవనాన్ని ముచ్చటగా మళ్ళీ గీస్తారు. కూలకముందు పదేళ్ళుగా అది తాళం వేసే ఉందని ఎవరూ కనుక్కోరు.

ఆర్కిటెక్చర్, ల్యాండ్‌స్కేప్, ప్రొడక్ట్, గ్రాఫిక్ డిజైన్ చదివేవాళ్ళ కోసం, వాళ్ళని తీసుకెళ్ళే టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. పది పదిహేను మంది బృందం, చేతిలో ఒకటో రెండో సెమిస్టర్లు ఉన్నాయనుకుందాం. ఊరికి సెమిస్టర్లు ఉండవు. కింద చెప్పిన జాగ్రత్తల్లో సగానికి కారణం అదే.

1. పిలిస్తేనే వెళ్ళండి

విపత్తు జరిగిన మొదటి వారాల్లో ఊరికి కావాల్సింది పారలు, తాగునీళ్ళు, మందులు, కరెంటు లైన్లు బాగుచేసేవాళ్ళు. డిజైనర్లు కాదు. వెళ్ళకుండా ఉండలేకపోతే స్కెచ్‌బుక్ ఇంట్లో పెట్టి, వాలంటీర్లుగా వెళ్ళి బురద ఎత్తండి. తడిసిన ఇంట్లో ఒకటి రెండు రోజులకే బూజు మొదలవుతుంది. నానిన పరుపులు, కార్పెట్లు బయట పడేయడం ఆ రోజుల్లో ఏ డ్రాయింగు కన్నా అవసరమైన పని.

డిజైన్ బృందంగా వెళ్ళడానికి మాత్రం ఎవరో ఒకరు పిలవాలి. మున్సిపాలిటీయా, పాత కార్మిక సంఘమా, బడి కమిటీయా అన్నది చిన్న విషయం కాదు. మిమ్మల్ని పిలిచినవాళ్ళని బట్టే మిగతా ఊరు మిమ్మల్ని లెక్కగడుతుంది. గనుల ఊళ్ళలో కంపెనీ వైపు, యూనియన్ వైపు అని పాత గీత ఒకటి ఉంటుంది. సమ్మె జరిగి ముప్పై ఏళ్ళయినా అది చెరగదు. ఒక వైపు వాళ్ళు పిలిస్తే, మొదటి వారంలోనే రెండో వైపు వాళ్ళ గడప తొక్కండి.

ఒక కాగితం మీద రెండు జాబితాలు రాసి పిలిచినవాళ్ళ చేతికివ్వండి: మేం చేయగలిగేవి, చేయలేనివి. "ఇళ్ళు కట్టివ్వలేం, నష్టపరిహారం ఇప్పించలేం" అన్న మాటలు రెండో జాబితాలో స్పష్టంగా ఉండాలి. కొలతల టేపు పట్టుకుని వచ్చినవాళ్ళని చూస్తే ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళకి ఆశ పుడుతుంది. అది వాళ్ళ తప్పు కాదు.

2. పైన గీసే ముందు కింద చూడండి

ఈ అడుగు మీద ఎక్కువ సమయం పెట్టండి. మామూలు ఊళ్ళో సైట్ సర్వే అంటే నేల మీద ఉన్నదాన్ని కొలవడం. గనుల ఊళ్ళో అది సగం సర్వే మాత్రమే.

అమెరికాలో మిస్సోరి, కాన్సస్, ఓక్లహోమా రాష్ట్రాలు కలిసే చోట ఒకప్పుడు సీసం, జింకు గనులు ఉండేవి. అక్కడి రెండు ఊళ్ళ సంగతి చూడండి. పిచర్ అనే ఊళ్ళో ఇళ్ళ పక్కనే గని వ్యర్థాల గుట్టలు ఉండేవి. ఆ ప్రాంతాన్ని 1983లో ప్రమాదకర కాలుష్య స్థలాల జాతీయ జాబితాలో చేర్చారు. 2006లో వచ్చిన అధ్యయనం, ఊళ్ళోని భవనాల్లో దాదాపు 86 శాతం కింద నేల డొల్లగా ఉందని తేల్చింది. 2008 మే 10న సుడిగాలి వచ్చి ఆరుగురు చనిపోయారు. ఊరిని మళ్ళీ కట్టలేదు. జనానికి డబ్బిచ్చి ఖాళీ చేయించారు, 2009లో మున్సిపాలిటీనే మూసేశారు. దగ్గర్లోని జాప్లిన్ కూడా అదే గనుల మీద పెరిగిన ఊరు. 2011 మే 22న వచ్చిన సుడిగాలికి అక్కడ సుమారు 160 మంది చనిపోయారు, వేల ఇళ్ళు నేలమట్టమయ్యాయి. జాప్లిన్ మళ్ళీ లేచింది. కానీ పునాదులు, చెట్లు పెకలించుకుపోయిన చోట సీసం కలిసిన పాత గని మట్టి పైకి తేలింది. కొత్త ఇల్లు కట్టే ముందు పెరట్లో మట్టిని పరీక్షించి, శుభ్రం చేయాల్సి వచ్చింది. అందుకే ఈ ఊళ్ళలో ఎలా కట్టాలి అన్నది రెండో ప్రశ్న. ఇక్కడ కట్టొచ్చా అన్నదే మొదటిది.

తెలుసుకునే పద్ధతి ఇదీ. భూగర్భ శాఖ దగ్గరో గనుల శాఖ దగ్గరో పాత గని మ్యాపులు ఉంటాయి, అడిగి తీసుకోండి. వీధుల మ్యాపుని, వరద వస్తే అది చేరిన ఎత్తుని, గని మ్యాపుని ఒకే స్కేలుకి తెచ్చి ట్రేసింగ్ పేపర్ల మీద ఒకదానిపై ఒకటి పరచండి. కంప్యూటర్లో చేయొచ్చు, కానీ కాగితం మీదైతే ఊరివాళ్ళు కూడా చుట్టూ చేరి వేలు పెట్టి చూపించగలరు. పాత గనుల్లో చాలాచోట్ల బొగ్గునో ఖనిజాన్నో గదులు గదులుగా తవ్వి, పైకప్పు నిలవడానికి మధ్యమధ్యలో స్తంభాలు వదిలేవాళ్ళు. నీళ్ళు చేరి ఆ స్తంభాలు అరగడానికి దశాబ్దాలు పట్టొచ్చు. గని మూసి యాభై ఏళ్ళయింది కాబట్టి ప్రమాదం తప్పింది అనుకోవడానికి లేదు.

మ్యాపుని పూర్తిగా నమ్మకండి. 2002 జులైలో పెన్సిల్వేనియాలోని క్వీక్రీక్ గనిలో కార్మికులు పక్కన ఉన్న పాత గనిలోకి పొరపాటున తవ్వేశారు. అందులో నిండి ఉన్న నీళ్ళు మీద పడ్డాయి. వాళ్ళ చేతిలో ఉన్న మ్యాపులో పాత గని చివరి తవ్వకాలు లేవు. తొమ్మిది మంది 77 గంటలకు పైగా లోపల చిక్కుకుని, అదృష్టం బాగుండి ప్రాణాలతో బయటపడ్డారు. గనిలో పనిచేసేవాళ్ళనే మోసం చేసిన మ్యాపు మనల్ని వదులుతుందా? అందుకే మ్యాపుతో పాటు మనుషుల్నీ అడగండి. ఏ వీధిలో తలుపులు పట్టేస్తున్నాయి, ఏ పెరట్లో గుంట పడితే పూడ్చారు, ఏ చెట్టు వాలింది. గోడలో బీట కనిపిస్తే దానికి అటూ ఇటూ రెండు పెన్సిల్ గీతలు గీసి, మధ్య దూరం, తేదీ గోడ మీదే రాయండి. వెళ్ళిన ప్రతిసారీ కొలవండి. మూడు నెలల్లో రెండు మిల్లీమీటర్లు పెరిగితే ఆ సంగతి ఇంజనీరుకి చెప్పాల్సిందే.

ఇక బృందంలో ఎవరూ మీరకూడని నియమాలు. మూసేసిన గని నోట్లోకి, బావిలోకి, సొరంగంలోకి అడుగు పెట్టకూడదు, ఫోటో కోసం కూడా. లోపల ఆక్సిజన్ లేని గాలి నిలిచి ఉండొచ్చు, దానికి వాసన ఉండదు. వ్యర్థాల గుట్ట ఎక్కకూడదు. విపత్తు తర్వాత భవనాల మీద ఇంజనీర్లు అంటించిన ఎర్ర కాగితం అంటే లోపలికి వెళ్ళొద్దనే అర్థం, "ఐదు నిమిషాలే కదా" అన్న మాట చెల్లదు. మట్టి పట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా తినకూడదు. బూట్లు బస చేసే చోటు బయటే విప్పాలి.

వాగు నారింజ రంగులో పారుతుంటే అది గని నీరు. రాతిలో పైరైట్ అనే, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంటుంది. దానికి గాలి, నీరు తగిలితే ఆమ్లం పుట్టి, ఇనుముని కరిగించుకుని వస్తుంది. ఆ రంగు ఇనుప తుప్పుదే. దాన్ని దాచాలని చూడకండి, ఆరో అడుగులో దానితో పనుంది.

3. నడవండి, ఎక్కడ ఆగుతున్నారో చూడండి

సర్వే అనగానే ప్రశ్నల పత్రం తయారుచేస్తారు. విపత్తు తర్వాత ఆ జనం అలాంటి పత్రాలు ఇప్పటికే పది నింపి ఉంటారు. పదకొండోది మీరు ఇవ్వకండి. నాలుగు రోజులు ఊరికే నడవండి.

ఇలాంటి ఒక ఊళ్ళో మా బృందం ఏటవాలు వీధి ఒకటి కొలుస్తోంది. పై నుంచి ఒక పెద్దాయన సంచితో బజారుకి దిగాడు. అరగంట తర్వాత పైకెక్కుతూ సగం దారిలో కరెంటు స్తంభాన్ని పట్టుకుని ఆగాడు. సంచి కింద పెట్టాడు. నోరు తెరిచి గాలి పీల్చాడు. ఇంకో నలభై అడుగులు వేసి, ఈసారి ఒక పిట్టగోడ మీద చెయ్యి ఆనించాడు. ముప్పై ఏళ్ళు గనిలో దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు అవి. మా డ్రాయింగులో ఆ వీధికి రెండు చివర్లా బెంచీలు ఉన్నాయి, అక్కడైతే జాగా బాగుందని. ఆయన ఆగిన రెండు చోట్లా ఏమీ లేదు. ఆ సాయంత్రం మేం చేసిన పని, ఆ వీధిలో ఎవరెవరు ఎక్కడెక్కడ ఆగారో చుక్కలు పెట్టడం. బెంచీల స్థానం ఆ చుక్కలే చెప్పాయి. మోకాళ్ళు అరిగినవాళ్ళు లేవాలంటే చేతులకు ఆసరా కావాలి, కాబట్టి బెంచీకి రెండు పక్కలా చేతులు ఉండాలన్న సంగతి కూడా అలాగే తెలిసింది.

ఆగే చోట్లు, గుంపు చేరే చోట్లు, జనం తప్పించుకుని వెళ్ళే చోట్లు, చీకటి పడ్డాక దీపం వెలిగే కిటికీలు. ఈ నాలుగూ మ్యాపు మీద పెడితే చాలా తెలుస్తుంది. పోయినవాళ్ళ గురించి మీరై అడగకండి. వాళ్ళే చెబితే రికార్డర్ ఆపేసి వినండి. కూలిన ఇంటి ముందు సెల్ఫీ దిగిన విద్యార్థిని నేనైతే ఆ రోజే వెనక్కి పంపిస్తాను.

4. ఖాళీ మ్యాపుతో కూర్చోండి

మొదటి సమావేశానికి ఆలోచనలు తీసుకెళ్ళకండి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్న పాఠం. చాలా ఏళ్ళ కిందట పెద్ద రంగుల మ్యాపుని బల్ల మీద పరిచి నిలబడ్డాం. ఎవరూ దగ్గరికి రాలేదు. చివరికి ఒకావిడ వచ్చి "మా ఇల్లెక్కడ?" అంది. వెతికి చూపించాం. ఆ చోట మేం ఆకుపచ్చ రంగు వేసి ఉంచాం, పార్కు అని. ఆవిడ ఏమీ అనలేదు. వేలు ఆ పచ్చరంగు మీద పెట్టి, సమావేశం అయ్యేదాకా అలాగే నిలబడింది. ఇల్లు కొట్టుకుపోయింది నిజమే, స్థలం మాత్రం ఆవిడదే. అప్పటి నుంచి మొదటి మ్యాపు మీద వీధుల గీతలు తప్ప ఏమీ ఉండవు. ఇంటి పేర్లు, దుకాణాల పేర్లు ఊరివాళ్ళే రాస్తారు. కూలిపోయినవాటి పేర్లు కూడా.

ఎవరి పక్కన ఎవరు ఉండేవాళ్ళో కూడా ఆ మ్యాపు మీదే రాయించండి. 1972 ఫిబ్రవరి 26న వెస్ట్ వర్జీనియాలోని బఫెలో క్రీక్ లోయలో బొగ్గు వ్యర్థాల ఆనకట్ట తెగి 125 మంది చనిపోయారు, 4,000 మందికి పైగా ఇళ్ళు లేనివాళ్ళయ్యారు. బతికినవాళ్ళకి తాత్కాలిక ఇళ్ళు త్వరగానే ఇచ్చారు, కానీ పాత ఇరుగుపొరుగుని చూడకుండా ఖాళీ దొరికిన చోట దొరికినట్టు సర్దారు. వరద మిగిల్చిన చుట్టరికాలు ఆ కేటాయింపులో చెల్లాచెదురయ్యాయి. తాత్కాలిక ఇళ్ళ ప్లాను గీసే అవకాశం మీకు వస్తే, గది కొలతల కన్నా ముందు పాత వీధుల జాబితా తెప్పించుకోండి.

సమావేశాలు ఒకటే పెట్టకండి. సాయంత్రం హాల్లో పెడితే మాట్లాడేది మాట్లాడటం అలవాటైన ఏడెనిమిది మందే. పిల్లల కోసం బడిలో, తల్లుల కోసం పగటిపూట, ముసలివాళ్ళ కోసం వాళ్ళు కూర్చునే అరుగు దగ్గర.

5. స్థలం ఎవరిది, డబ్బు ఎవరిది

విద్యార్థులకి విసుగు పుట్టించే అడుగు, కానీ దీన్ని దాటేస్తే చివర్లో అంతా ఆగిపోతుంది. గనుల ఊళ్ళో ఖాళీగా కనిపించే స్థలం మూతపడిన కంపెనీ పేరు మీద ఉండొచ్చు, భూగర్భ హక్కులు వేరొకరివి కావచ్చు. మీరు అనుకున్న ప్రతి స్థలానికి యజమాని ఎవరు, పన్ను ఎవరు కడుతున్నారు, అనుమతి ఎవరిస్తారు అని మూడు గడుల పట్టిక తయారుచేయండి. గడి ఖాళీగా ఉన్న స్థలాన్ని పక్కన పెట్టేయండి.

డబ్బు విషయంలో అబర్‌ఫాన్ గుర్తుంచుకోండి. 1966 అక్టోబర్ 21న వేల్స్‌లోని ఆ ఊరి మీదికి బొగ్గు వ్యర్థాల గుట్ట జారింది. 144 మంది చనిపోయారు, వాళ్ళలో 116 మంది పిల్లలు. లోకమంతా విరాళాలు పంపింది. ఊరి పైన మిగిలిన గుట్టల్ని తొలగించడానికి ఆ విరాళాల్లోంచే 1,50,000 పౌండ్లు కట్టించారు. ఆ గుట్టలు పోసింది ప్రభుత్వ బొగ్గు బోర్డు. ఆ సొమ్ము ప్రభుత్వం తిరిగి ఇచ్చింది 1997లో, అదీ వడ్డీ లేకుండా. మీ ప్రాజెక్టుకి వచ్చే డబ్బు ఏ పద్దులోంచి వస్తోందో తప్పకుండా అడగండి. బాధితుల నిధిలోంచి అయితే, ముందు వాళ్ళని అడక్కుండా రూపాయి కూడా ముట్టుకోకూడదు.

6. ఒక్క పని ఎంచుకోండి, చిన్నదే

స్టూడియో గోడ మీద ఎవరో ఒకరు జర్మనీలోని జోల్‌ఫెరైన్ గని ఫోటో తప్పక అంటిస్తారు. 1986లో మూతపడి, 2001లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన గని అది. అద్భుతమైన చోటే. కానీ దాని చుట్టూ లక్షల జనాభా ఉన్న నగరాలున్నాయి, వెనక ప్రభుత్వం డబ్బుంది. మీ ఊరికి పోలిక కావాలంటే జపాన్‌లోని యుబారి చూడండి. 1960 ప్రాంతంలో అక్కడ లక్షా పదిహేడు వేల మంది ఉండేవాళ్ళు. 1990లో చివరి గని మూతపడింది. పర్యాటకులు వస్తారని థీమ్ పార్కు, హోటళ్ళు పెట్టారు. 2007 నాటికి 3,500 కోట్ల యెన్లకు పైగా అప్పుతో నగరం దివాలా తీసింది. ఆ తర్వాత చేసిన పని ఆకర్షణలు కట్టడం కాదు, చెదిరిన ఇళ్ళని దగ్గరికి చేర్చడం. మ్యూజియం, వ్యూ టవర్, టూరిస్టు సెంటర్ అన్న మూడు మాటలు మీ బోర్డు మీద కనిపిస్తే ఒకసారి ఆగి యుబారిని తలుచుకోండి.

మరేం చేయొచ్చు? జాప్లిన్‌లో డ్రూరీ యూనివర్సిటీ విద్యార్థులు ఒక పార్కులో, ఊరికి సాయం చేయడానికి వచ్చిన వాలంటీర్ల కోసం స్మారకం కట్టారు. తర్వాత అదే పార్కులో సీతాకోకచిలుకల తోట వచ్చింది, పోయిన ఇళ్ళ ఆకారాల్ని ఖాళీ చట్రాలుగా నిలబెట్టారు. సుడిగాలిలో తమని సీతాకోకచిలుకల్లాంటి మనుషులు కాపాడారని పిల్లలు చెప్పిన మాట అప్పటికే ఊళ్ళో తిరుగుతోంది. తోటకి ఆ సీతాకోకచిలుకలు బయటి నుంచి తెచ్చినవి కావు.

పెన్సిల్వేనియాలో వింటన్‌డేల్ అనే పాత బొగ్గు గనుల ఊళ్ళో 1990లలో నారింజ రంగు గని నీటిని వరుస చెరువుల గుండా పారించి శుభ్రం చేసే పార్కు రూపొందించారు. పక్కన నాటిన చెట్లు ఆకురాలు కాలంలో ఎరుపు నుంచి ఆకుపచ్చ దాకా, నీరు శుభ్రపడే వరుసలోనే రంగు చూపిస్తాయి. ఒహాయోలో ఒక కళా అధ్యాపకుడు, ఒక ఇంజనీరు కలిసి ఇలాంటి నీటి తుప్పునే చిత్రకారులు వాడే రంగుగా మార్చారు. గ్రాఫిక్, ప్రొడక్ట్ విద్యార్థులు ఇలాంటిదాన్ని ముందు చూడాలి. ఆ రంగుతో ఊరి దారి బోర్డులు వేస్తే దాని వెనక కథ ఊరివాళ్ళే చెబుతారు.

ఎంచుకోవడానికి నా జల్లెడ ఇదీ: ఊరివాళ్ళు వాళ్ళ పనిముట్లతో రిపేరు చేసుకోగలరా, ఒక్క సెమిస్టర్లో పూర్తవుతుందా, మీరు మానేసినా అది ఎవరికైనా కావాలా. మూడోదానికి లేదు అని వస్తే ఆ డిజైన్ ఎంత బాగున్నా పక్కన పెట్టాలి. మా అనుభవంలో నిలిచినవి బెంచీలు, పట్టుకుని ఎక్కే కడ్డీలు, బజారులో ఒక ఖాళీ గది తలుపు తెరవడం, వరద ఎత్తు చూపే గుర్తులు, నీడ.

7. అట్టముక్కలతో అసలు సైజులో

మోడల్ చూసి ఊరివాళ్ళు "బాగుంది" అంటారు. మర్యాద అది. అట్ట, తాడు, సుద్ద, పాత డబ్బాలతో అసలు సైజులో నిలబెడితేనే నిజం బయటికొస్తుంది. రెండు రోజులు అలాగే వదిలేయండి. దాన్ని ఎవరు జరిపారో, ఎటువైపు తిప్పారో చూడండి. మీరు ఉత్తరం వైపు పెట్టిన బెంచీని ఎవరో దక్షిణానికి తిప్పితే వాళ్ళతో వాదించకండి.

8. కట్టేటప్పుడు

లైసెన్సు ఉన్న ఇంజనీరు సంతకం లేకుండా మనిషి బరువు మోసేది ఏదీ కట్టకూడదు. శిథిలాల్లోంచి ఏరిన కలప, ఇటుకలు వాడాలని అందరికీ సరదా. పాత రంగులో సీసం, పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పరీక్ష చేయించేదాకా గీకడం, కోయడం వద్దు. డొల్ల నేల మీద లోతైన పునాది తవ్వడం కన్నా విప్పి పక్కకి జరపగలిగే తేలికైన కట్టడం మేలు. పనిలో స్థానికులకి కూలీ ఇవ్వగలిగితే ఇవ్వండి. పని పోయిన ఊళ్ళో ఉచిత శ్రమ దించితే, అక్కడ మిగిలిన నలుగురు మేస్త్రీల పొట్ట కొట్టినట్టే.

9. అప్పగింత

అమెరికాలోని అలబామాలో ఆబర్న్ యూనివర్సిటీ నడిపే రూరల్ స్టూడియో, ఆర్కిటెక్చర్ విద్యార్థులే గీసి కట్టే కార్యక్రమం, 1993 నుంచి ఒకే జిల్లాలో ఉంటోంది. ఒక బ్యాచ్ కట్టినదాంట్లో ఎక్కడ నీళ్ళు కారుతున్నాయో తర్వాతి బ్యాచ్ కళ్ళారా చూస్తుంది. అంత కాలం ఉండడం అందరి వల్లా కాదు. కనీసం మూడు బ్యాచ్‌లు అదే ఊరికి వెళ్ళేలా కాలేజీతో ముందే మాట్లాడండి. జ్యూరీ కూడా ఊళ్ళోనే పెట్టించండి, మార్కులు వేసేవాళ్ళ పక్కన ఆ వీధివాళ్ళు కూర్చోవాలి.

అప్పగించే రోజు చేతికివ్వాల్సినవి: ఏ భాగం ఎక్కడ కొన్నామో ఒక పేజీ, ఊరి భాషలో, బొమ్మలతో. అదనపు బోల్టులు, రెండు చెక్కలు, ఒక డబ్బా రంగు. సరిపోయే స్పానరు. ఏ నెలలో ఏం చూడాలో చిన్న క్యాలెండరు. చూసుకునే మనిషి పేరు, ఆ మనిషి ఒప్పుకుని పెట్టిన సంతకం. మీరు తీసిన ఫోటోలు, గీసిన మ్యాపులు, రికార్డు చేసిన మాటలు ఒక కాపీ ఊరి లైబ్రరీకో బడికో.

ఏడాది తర్వాత వెళ్ళండి, ముందుగా కబురు పెట్టి. పోర్ట్‌ఫోలియో కోసం ఫోటోలు తీసే ముందు స్పానరు పట్టుకుని బోల్టులు బిగించండి. మీరు కట్టినదాని మీద ఎవరో రేకు కప్పి ఉంటే, మధ్యలో మేకు కొట్టి సంచి తగిలించుకునే కొక్కెం పెట్టి ఉంటే దాన్ని విప్పకండి. కొలత తీసుకుని, తర్వాతి బ్యాచ్ డ్రాయింగులో చేర్చండి.